వేటగాడి చేతిలో జంతువు, కాపరి భుజాన కంబళి

స్వర్ణముఖి ఒడ్డున, ఏర్పేడుకు దగ్గర్లో గుడిమల్లం అనే చిన్న ఊరుంది. అక్కడి పరశురామేశ్వరాలయం గర్భగుడిలో అయిదడుగుల రాతి లింగం, దాని ముందు భాగంలో నిలువెత్తున చెక్కిన శివుడు. భుజాన గొడ్డలి, ఎడమచేతిలో చిన్న పాత్ర, కుడిచేతిలో వెనకకాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసిన జంతువు. అచ్చంగా వేట ముగించుకుని ఇంటిదారి పట్టిన మనిషి. ఈ లింగం క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం, ఒకటో శతాబ్దం నాటిదని కొందరు, ఇంకా పాతదని మరికొందరు అంటారు. టి.ఎ. గోపీనాథరావు హిందూ విగ్రహాల మీద రాసిన పెద్ద గ్రంథంతో దీని పేరు దేశమంతా తెలిసింది. ఆ చేతిలోది పొట్టేలా, జింకా అన్న వాదం మాత్రం పండితుల్లో ఇంకా తెమలలేదు.

దానికంటే ఆసక్తి కలిగించేది ఆ శివుడి కట్టుబట్ట. వేటగాడే అయినా ఒంటిమీద తోలు లేదు, బొచ్చు లేదు. నడుము నుంచి పలచటి వస్త్రం జారుతుంది. ఎంత పలచనంటే రాతిలో కూడా దాని వెనక శరీరం కనిపించేలా చెక్కాడు శిల్పి. చేతిలో జంతువుంది, ఒంటిమీద నేసిన గుడ్డ ఉంది. తిరుపతి, చిత్తూరు సీమలో చలికి కప్పుకునేదాని చరిత్ర రెండువేల ఏళ్ళుగా దాదాపు ఇలాగే నడిచింది.

ఈ సీమలో ఉచ్చులు పన్నినవాళ్ళున్నారు, వలలు కట్టినవాళ్ళున్నారు, తుపాకులతో పులుల వెంటబడ్డ దొరలు, జమీందార్లు ఉన్నారు. చలికీ కొదవ లేదు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి పొడి చల్లగాలి మంచిదనే 1915లో ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రి వెలిసింది. పక్కనే ఏనుగుమల్లమ్మ కొండ, అంటే హార్సిలీ కొండ, 1,200 మీటర్లు దాటుతుంది. పలమనేరు, పుంగనూరు, కుప్పం కూడా మైసూరు పీఠభూమి అంచున ఉన్న ఊళ్ళే; మార్గశిరం, పుష్యం వస్తే తెల్లవారుజామున నోటివెంట పొగ వస్తుంది. ఇంత చలీ, ఇంత అడవీ ఉండి కూడా పట్టిన జంతువుల బొచ్చుతోళ్ళు కుట్టుకుని దుప్పటిగా కప్పుకునే ఆచారం ఇక్కడ పుట్టలేదు. దానికి కారణం సగం జంతువుల ఒంట్లో ఉంది, సగం గొర్రెల కాపరుల చేతుల్లో ఉంది.

ముందు బొచ్చు దుప్పటి నిజంగా పుట్టిన చోటు చూద్దాం. ఉత్తర అమెరికాలో క్రీ జాతివాళ్ళు మంచుకుందేళ్ళను ఉచ్చులేసి పట్టేవాళ్ళు. కుందేలు తోలు పలచన, లాగితే చిరుగుతుంది. అందుకని దాన్ని అలాగే కుట్టకుండా చుట్టూతా ఒకే పొడవాటి పట్టీగా కోసేవాళ్ళు. ఆ పట్టీని మెలిపెడితే బొచ్చు అన్ని వైపులా తేలి తాడులా అవుతుంది. ఆ తాళ్ళను వల అల్లినట్టు అల్లితే దుప్పటి. పడమటి ఎడారి మైదానాల్లో పయూట్లు కూడా పెద్దచెవుల కుందేళ్ళను పొడవాటి వలల్లోకి తోలి పట్టి ఇదే పని చేశారు. ఒక దుప్పటికి పదుల కొద్దీ తోళ్ళు పట్టేవి, పెద్దదైతే వంద దాకా. వేలు దూరే సందులున్నా అది వెచ్చగానే ఉండేది. వెచ్చదనం తోలులో లేదు, బొచ్చు పట్టి ఉంచే గాలిలో ఉంది మరి.

చలిదేశపు జంతువుకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన పొడవాటి గట్టి వెంట్రుకలు, లోపల దట్టమైన మెత్తని నూగు. గాలిని బంధించేది ఆ లోపలి నూగే. శేషాచలం అడవుల్లోని జంతువులకు ఆ నూగుతో పనిలేదు. మన కుందేలు బొచ్చు పలచన. ఎలుగుబంటికి జూలు పొడవే కానీ ముతక, కింద నూగు ఉండదు. జింకతోలు మీది వెంట్రుక పొట్టిది, పెళుసుది, నాలుగు రోజులు రాపిడైతే రాలిపోతుంది. వీటితో దుప్పటి చేస్తే బరువు మిగులుతుంది తప్ప వెచ్చదనం రాదు. కౌటిల్యుడికి ఈ తేడా బాగా తెలుసు. అర్థశాస్త్రంలో ఖజానాకు చేరదగిన సరుకులు లెక్కపెడుతూ, బొచ్చుతోళ్ళలో మెత్తగా, నున్నగా, దట్టంగా ఉన్నవే మేలైనవన్నాడు. ముందుగా పేర్కొన్న రకాలు ఉత్తర పర్వతాలవే. ఆ వెంటనే గొర్రె ఉన్ని గుడ్డల రకాలు పదింటిని చెప్పాడు. అందులో కంబళం పేరుంది.

తిరుపతి ప్రాంతంలో ఉచ్చు పనికి పేరుపడ్డవాళ్ళు యానాదులు. శ్రీహరికోట దీవి నుంచి శ్రీకాళహస్తి, సత్యవేడు దాకా, పైన చిత్తూరు వైపు చిట్టడవుల దాకా విస్తరించిన జాతి ఇది. ఇప్పుడు రాకెట్లు ఎగిరే శ్రీహరికోట 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 1971లో అక్కడ మొదటి రాకెట్ లేవడానికి ఎన్నో తరాల ముందే అది యానాదుల అడవి. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి ఏడు సంపుటాలుగా వేసిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో యానాదుల మీద సుదీర్ఘమైన అధ్యాయం ఉంది. వాళ్ళు ఎలుకను పట్టే పద్ధతి పొలమున్న ప్రతి రైతుకూ తెలుసు. కుండలో గడ్డి కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియకు ఆనించి, అడుగున ఉన్న చిల్లులోంచి ఊదుతారు. పొగకు ఉక్కిరిబిక్కిరై ఎలుక బయటికి వస్తుంది, లేదా లోపలే పడిపోతుంది. తవ్వి తీస్తే ఎలుక, దాంతోపాటు అది దాచుకున్న వడ్లు. ఎలుక, ఉడుము, కుందేలు, అడవికోడి, ఏది పట్టినా అది కూరకు. తోలు లెక్కలోకి రాదు. చలికి వాళ్ళ ఆధారం గుడిసె ముందు నెగడు.

నక్కలవాళ్ళ కథ వేరు. తమిళనాడులో నరికురవలు, ఇక్కడ నక్కలవాళ్ళు, గువ్వలవాళ్ళు. ఇంట్లో మాట్లాడుకునేది వాగ్రిబోలి. తిరుపతి, కాళహస్తి సందుల్లో పూసలదండలు, సూదులు అమ్ముతూ కనిపించేవాళ్ళు వీళ్ళే. నక్కను ఉచ్చులేసి పట్టడంలో వీళ్ళను మించినవాళ్ళు లేరు. కూతను అనుకరించి పిలవడం కూడా తెలుసు. అయినా నక్కతోలు దుప్పటి వీళ్ళ దగ్గరా కనిపించదు. నక్క వల్ల వచ్చే ఆదాయమంతా తాయెత్తులోంచే. నక్కకొమ్ము అనే చిన్న ఎముక బొడిపె దగ్గరుంటే అదృష్టమని నమ్మి కొనేవాళ్ళు ఎందరో. నక్కతోక తొక్కాడని ఇప్పటికీ అంటాం కదా, ఆ నమ్మకానికి బజారు ధర కట్టింది వీళ్ళే. ఎలుగుబంటి వెంట్రుకదీ అదే దారి. పిల్లలు జడుసుకోకుండా మెడలో కట్టే తాయెత్తులోకి అది పోయేది. బొచ్చుతో మనిషిని కప్పాలంటే వంద జంతువులు కావాలి, భయాన్ని కప్పాలంటే ఒక్క వెంట్రుక చాలు. సాటి మనుషుల మనసు బాగా చదివినవాళ్ళకే ఈ లెక్క తెలుస్తుంది.

పట్టిన జంతువును చంపకుండా వాడుకున్న ఉదాహరణ తిరుమలలోనే ఉంది. శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు పునుగు తైలం అలదుతారు. అది పునుగుపిల్లి గ్రంథి నుంచి వచ్చే పరిమళ ద్రవ్యం. బోనులో గంధపు చెక్క నిలబెడితే పునుగుపిల్లి దానికి ఒళ్ళు రుద్దుకుంటుంది, అంటుకున్న జిడ్డును గీకి తీస్తారు. తోలుకు విలువ లేదు, ప్రాణంతో ఉన్న జంతువుకే విలువ.

మరి తోళ్ళ వ్యాపారం అసలు లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలోని వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ళ పరిశ్రమకు పెట్టింది పేరు. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు 1911 ఏప్రిల్ 1 దాకా ఆ జిల్లాలోవే. చిత్తూరు జిల్లాగా విడిపోయాక కూడా మేకతోళ్ళు, గొర్రెతోళ్ళు ఆ వైపే వెళ్ళాయి. మన బీళ్ళలో పచ్చగా పూసే తంగేడు చెక్కతోనే అక్కడ తోలు ఊనేవాళ్ళు. ఆ పనిలో మొదటి మెట్టు సున్నపు తొట్టి: తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుక మొత్తం ఊడ్చేయడం. రష్యాలో, కెనడాలో దేనికోసం జంతువును పట్టేవారో దాన్నే ఇక్కడ మొట్టమొదట పారేసేవాళ్ళు.

వెంట్రుక ఉంచిన తోలుకు ఈ సీమలో ఒకే గౌరవస్థానం ఉండేది. అది కప్పుకోవడానికి కాదు, కూర్చోవడానికి. కృష్ణాజినం మీద జపం, పులిచర్మం మీద ధ్యానం. ఉపనయనంలో బ్రాహ్మణ వటువుకు కృష్ణజింక చర్మం, మిగిలిన వర్ణాలకు వేరే జంతువులవి అని ధర్మసూత్రాలు చెప్పాయి. అప్పట్లో అది ఒంటిమీద కప్పుకునే ఉత్తరీయమే. రానురాను ఆసనమైంది, చివరికి జంధ్యానికి కట్టే వేలెడు ముక్కగా మిగిలింది. వేడిసీమకు వచ్చిన చలిసీమ ఆచారం ఇలా చిక్కిపోవడంలో వింతేమీ లేదు. మన పురాణాల్లో తోలు కప్పుకోవడానికి పేరుపడ్డవాడు శివుడు, గజచర్మాంబరధారి. ఆయన కాపురం హిమాలయంలో. కాళహస్తిలో ఆయనకు కన్ను పెట్టిన కన్నప్ప, వేటకుక్కలతో వలలతో ఈ అడవుల్లోనే తిరిగాడని పన్నెండో శతాబ్దంలో సెక్కిళార్ తమిళంలో, పదహారో శతాబ్దంలో ధూర్జటి తెలుగులో చెప్పారు. భక్తుడు నైవేద్యం పెట్టింది మాంసం, తోలు కాదు.

దొరల కాలంలో తోలుకు మరో వాడకం పుట్టింది: గోడకు వేలాడదీయడం. బెంగుళూరు వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ తన పులికథల్లో తిరుపతికి ఉత్తరాన ఉన్న మామండూరు అడవిని, చామల లోయను వర్ణించాడు. మైసూరులో వాన్ ఇంగెన్ సోదరుల కార్ఖానా దక్షిణాదిలో రాజులు, జమీందార్లు, కలెక్టర్లు కొట్టిన పులులకు, చిరుతలకు గడ్డి కూరి, గాజు కళ్ళు పెట్టి, కోరలు తెరిచిన తలలతో సహా తివాచీలు చేసి పంపింది. అక్కడ తయారైనవి వేల సంఖ్యలో ఉంటాయి. 1999లో ఆ కార్ఖానా మూతపడింది. వాటి కింద చలి కాచుకున్నవాడు ఒక్కడూ లేడు.

చట్టం ఈ కథలోకి మూడుసార్లు వచ్చింది. మొదట 1882 మద్రాసు అటవీ చట్టం. అది అడవిని రిజర్వు చేసి, అక్కడ బతికేవాళ్ళను అనుమతి లేకుండా చొరబడ్డవాళ్ళుగా మార్చింది. తర్వాత 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలతోపాటు యానాదుల్లో కొందరినీ ఆ జాబితాలో చేర్చారు. రాత్రిపూట ఇంట్లోనే ఉన్నారో లేదో పోలీసులు వచ్చి లెక్కచూసుకునే రోజులవి. ఆ మచ్చ చెరపడానికి వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు జీవితకాలం పోరాడారు. 1952లో ఆ చట్టం రద్దయింది. మూడోది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. కృష్ణజింక, పులి, చిరుత దాని మొదటి షెడ్యూలులోకి ఎక్కాయి. క్రమంగా వేట దాదాపు మొత్తం నేరమైంది. దొరల తివాచీకీ, యానాది ఉచ్చుకూ ఒకే శిక్షాస్మృతి అన్నమాట. అడవిని ఖాళీ చేసింది ఎవరో, శిక్ష ఎక్కువగా పడింది ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు. పక్క తమిళనాడులో పాముతోళ్ళ వ్యాపారం మీద బతికిన ఇరుళులకు 1978లో విషం తీసే సహకార సంఘం ఏర్పాటు చేసి కొత్త దారి చూపారు. నక్కలవాళ్ళను మన రాష్ట్రంలో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చడానికి 2003 దాకా పట్టింది.

ఇప్పుడు శేషాచలంలో బోను పెట్టే అధికారం ఒక్క అటవీశాఖదే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపాక వరసగా బోన్లు పెట్టి కొన్ని చిరుతలను పట్టారు. నడిచివెళ్ళే భక్తులకు దేవస్థానం చేతికర్రలిచ్చింది. చిరుతతోలు ఊసు ఎవరి నోటా రాలేదు.

అయితే చలికి ఈ సీమ కప్పుకున్నదేమిటి? కంబళి. తెలంగాణలో గొంగడి, కోస్తాలో గొంగళి, ఇక్కడ కంబళి.

చిత్తూరు సీమ రెండు రకాల గొర్రెల సరిహద్దు. తూర్పున, నెల్లూరు వైపు, నెల్లూరు జాతి: పల్ల, జోడిపి, దొర అని మూడు తీర్లు. పొడవాటి కాళ్ళు, నిగనిగలాడే పొట్టి వెంట్రుకలు, ఉన్ని దాదాపు సున్నా. పడమర కనుమలెక్కితే, అనంతపురం, బళ్ళారి, మైసూరు వైపు, దక్కనీ జాతి: పొట్టిది, నల్లది, మొండిది, ఒళ్ళంతా ముతక ఉన్ని. కంబళి మగ్గం నిలబడ్డదీ ఈ రెండో గొర్రె ఉన్న చోటే. మేత, వాన, చలి కలిసి గీసిన గీత ఇది. పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె కంబళికి పడమటి సీమ. కాళహస్తి, సత్యవేడు మైదానాలు దాన్ని కొనుక్కున్న సీమ.

నేసేవాళ్ళు కురుబలు. కన్నడం, తెలుగు రెండూ నాలుక మీదే ఉంటాయి, ఇలవేలుపు బీరప్ప. థర్‌స్టన్ వీళ్ళలో ఒక తేడా నమోదు చేశాడు: పెళ్ళిలో చేతికి నూలు కంకణం కట్టుకునే శాఖ ఒకటి, ఉన్ని కంకణం కట్టుకునే శాఖ ఇంకొకటి. ఏ పోగు కట్టుకుంటారన్నదే శాఖ పేరైంది. అంతకు వందేళ్ళ ముందు, టిప్పు సుల్తాన్ పతనమైన మరుసటి ఏడు, ఈస్టిండియా కంపెనీ ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుణ్ణి కొత్తగా చేతికొచ్చిన సీమలు చూసి రమ్మని పంపింది. 1800 ఏప్రిల్‌లో మద్రాసు వదిలిన ఆయన ఆర్కాటు, వేలూరు దాటి, కనుమ ఎక్కి, వెంకటగిరికోట మీదుగా మైసూరు సీమలో అడుగుపెట్టాడు. 1807లో మూడు సంపుటాలుగా అచ్చయిన ఆ ప్రయాణ నివేదికలో కురుబలు గొర్రెలు కాయడం, కంబళ్ళు నేయడం ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళకు ఈ సరుకు ఎంతగా అలవాటైందంటే, 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో కంబళికి విడిగా చోటు దొరికింది.

కంబళి పని మగ్గం దగ్గర మొదలు కాదు, వాగులో మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లు గొర్రెల్ని నీళ్ళలో కడిగి, ఎండకు ఆరబెట్టి, కాళ్ళు కట్టి పడుకోబెట్టి, పెద్ద కత్తెరతో బొచ్చు కత్తిరిస్తారు. ఒక గొర్రె నుంచి ఒక కోతలో వచ్చేది పావుకిలోకు అటూఇటూ. రెండున్నర, మూడు కిలోల కంబళి కావాలంటే దాదాపు పది గొర్రెల బొచ్చు కావాలి. నలుపు, గోధుమ, తెలుపు రంగుల్ని వేరు చేస్తారు. అద్దకం అక్కర్లేదు, నల్లగొర్రెది నల్లపోగు, అంచుకు తెల్లగొర్రెది తెల్లచార. ముళ్ళు, పల్లేరు కాయలు ఏరి, వింటితో ఏకి, ఆడవాళ్ళు రాట్నం మీద వడుకుతారు. ఈ వడకడంలోనే ఎక్కువ రోజులు పోతాయి, కూలి లెక్కలోకి వచ్చేది మాత్రం నేత ఒక్కటే. మగ్గం కులాలన్నిట్లోనూ ఇదే అన్యాయం.

పడుగు సాచిన తర్వాత చింతగింజల గంజి పట్టిస్తారు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, కాచిన చిక్కటి గంజి. పెద్ద కుంచెతో రుద్దితే ముతక పోగు బిగుసుకుని నూలులా నిలబడుతుంది. గుంటమగ్గం మీద నేసిన కంబళి కొత్తలో అట్టలాగా బిర్రుగా ఉంటుంది, గుచ్చుకుంటుంది. దక్కనీ ఉన్ని అసలే ముతక. మెరినో పోగు ఇరవై మైక్రాన్లకు అటూఇటూ ఉంటే దీనిది అంతకు రెండింతలు పైనే. ఏడాది వాడకంలో గంజి పోయి మెత్తబడుతుంది. మంచి కంబళి ఇరవై ఏళ్ళు వస్తుందని కాపరులు చెప్పేది గొప్పకు కాదు.

గొర్రె ఒంటి జిడ్డు పోగులో కొంత మిగిలి ఉండటం వల్ల వాన తుంపర్లు పైనుంచే జారిపోతాయి. వానలో దాన్ని ఒక మూల ముడిచి తలమీదుగా వేసుకుంటే గొడుగు, రాత్రి మంద దగ్గర పరుచుకుంటే పరుపు, కప్పుకుంటే దుప్పటి, ముల్లె కడితే సంచి, ఎండలో నాలుగు కర్రలకు కడితే నీడ. పొలాల్లో మంద కట్టినందుకు రైతు కొలిచిన గింజల్ని ఎండబోసేది దీనిమీదే. ముతక ఉన్ని మీదికి తేలూ పామూ ఎక్కవని కాపరుల నమ్మకం. బయట పడుకునే మనిషికి ఆ నమ్మకమూ ఒక కప్పే. రాలే వెంట్రుకల సంగతి మాత్రం అందరికీ తెలిసిందే. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టన్న సామెత ఊరికే రాలేదు.

సంఘంలోనూ దీనికి పెద్దపీట. పెద్దమనుషులు పంచాయితీకి కూర్చునేది కంబళి పరిచి. అనేక కులాల పెళ్ళిళ్ళలో వధూవరుల్ని కూర్చోబెట్టేది కంబళి మీద. బ్రాహ్మణ ఆచారంలో జింకచర్మానికి ఏ స్థానముందో, ఊళ్ళో కంబళికి ఆ స్థానముంది. ఒకటి చచ్చిన జంతువుది, రెండోది మేస్తూ ఉన్న జంతువుది. తిరుమలలో తెల్లవారుజామున బంగారువాకిలి తెరిచే వేళ దివిటీతో ముందు నడిచే సన్నిధి గొల్లది కూడా కాపరుల కులమే. ఏడుకొండలవాడి తొలిచూపు పశువుల కాపరి మీద పడాలన్నది ఆ గుడి సంప్రదాయం. గొల్లసుద్దులు చెప్పే కళాకారులకు భుజాన గొంగళి, చేతిలో కర్ర లేకుంటే వేషమే లేదు. ఆ వేషాన్నే గాయకుడు గద్దర్ రాజకీయ వేదిక ఎక్కించాడు.

ఇంత గట్టి సరుకు ఎలా కూలిందన్నది పెద్ద రహస్యమేమీ కాదు. 1876లో కాన్పూరులో, ఆ తర్వాత బెంగుళూరులో ఉన్నిమిల్లులు లేచాయి. సైన్యానికి దుప్పట్లు మిల్లుల నుంచి వెళ్ళడం మొదలైంది. అదైనా తట్టుకుంది కంబళి, కాపరి కొనేవాడు కాబట్టి. అసలు దెబ్బ తర్వాత రెండు వైపుల నుంచి తగిలింది. పానిపట్టులో పడమటి దేశాల పాత ఉన్నిబట్టల్ని చీల్చి, మళ్ళీ వడికి నేసే దుప్పట్లు కారుచవకగా వచ్చాయి. తుపానులొస్తే పంచేది, ఎన్నికలొస్తే పంచేది అవే. రెండో వైపు మాంసం ధర. ఉన్నికి పైసలు, మాంసానికి రూపాయలు వచ్చే రోజుల్లో కాపరి ఉన్నిగొర్రెను ఎందుకు మేపుతాడు? త్వరగా బరువెక్కే నెల్లూరు పొట్టేళ్ళు కనుమలెక్కి పడమటి మందల్లో కలిశాయి. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 76 లక్షల గొర్రెలున్నాయి, తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం. వాటిలో ఉన్ని కోసం పెంచేది లేదనే చెప్పాలి. దక్కనీ గొర్రె మిగిలిన చోట్ల కూడా బొచ్చు కత్తిరించడానికి ఎదురు కూలి ఇచ్చి, ఆ బొచ్చును గట్టు మీద పారేసి వెళ్తున్నారు.

కెనడాలో ఇదే కథ తిరగేసి జరిగింది. 1670లో రాజశాసనంతో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ అక్కడి ఆదివాసులు ఉచ్చులేసి పట్టిన బీవర్ల బొచ్చుతోళ్ళను కొని ఇంగ్లండుకు పంపేది. లండన్‌లో టోపీలు చేసేవాళ్ళకు అది కావాలి. బదులుగా 1780 నుంచి చారల ఉన్నిదుప్పట్లు ఓడల్లో తెచ్చి ఇచ్చింది. బొచ్చు దుప్పటి కప్పుకునేవాడు బొచ్చు అమ్మేసి ఉన్ని కప్పుకున్నాడు. మన దగ్గర ఉన్ని కప్పుకునేవాడు ఇప్పుడు బొచ్చులా కనిపించేది కప్పుకుంటున్నాడు. డిసెంబరులో తిరుపతి, మదనపల్లె, చిత్తూరు రోడ్ల పక్కన కుప్పలు పోసి అమ్మే మింక్ దుప్పట్లు చూడండి. మింక్ ఉత్తర అమెరికాలో ఏటిగట్ల మీద తిరిగే చిన్న జంతువు. దాని కోటు వేసుకోవడం ఒకప్పుడు అక్కడి ధనికుల గొప్ప. ఈ దుప్పట్లో ఆ జంతువు వెంట్రుక ఒక్కటి కూడా లేదు, పాలిస్టరు తప్ప. పెద్దపులి బొమ్మ వేసినవి కూడా దొరుకుతాయి. మెత్తగా ఉంటుంది, రంగులు పోవు, చవక. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఉన్ని అలా మండదు, ఆరిపోతుంది. నెగడు పక్కన పడుకునే కాపరికి అది చిన్న విషయం కాదు.

అడవి జంతువు తోలు వాడకం ఆగడం మంచిదే, ఆగి తీరాల్సిందే. కంబళి ఆగడానికి అలాంటి కారణం ఒక్కటీ లేదు. గొర్రె ఉంది, కురుబ కుటుంబాల్లో పెద్దవాళ్ళ చేతుల్లో పని ఇంకా ఉంది, పారేస్తున్న ఉన్ని ఉంది. లేనిది కొనేవాడు. తెలంగాణలో కొందరు యువ డిజైనర్లు గొంగడి గుడ్డతో చెప్పులు కుట్టి రైతులకు అమ్మే ప్రయత్నం మొదలుపెట్టారు. కర్ణాటకలో చళ్ళకెరె కంబళికి ఇప్పటికీ పేరుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో కంబళిని నిలబెట్టగలిగిన అతిపెద్ద కొనుగోలుదారులు కొండమీద, కొండకింద ఉన్న సత్రాలు, ఆసుపత్రులు, హాస్టళ్ళు. వాటిలో పదోవంతు దుప్పట్లు పడమటి మండలాల మగ్గాల నుంచి తీసుకున్నా మగ్గం మళ్ళీ ఆడుతుంది.

చదువరికి ఒక మాట. ఇంట్లో అటక మీద తాతల నాటి జింకచర్మమో పులిచర్మమో ఉంటే దాన్ని అమ్మడానికి చూడకండి. అలాంటివి ఉన్నట్టు ప్రకటించుకోవడానికి కేంద్రం 2003లో ఆరునెలల గడువిచ్చింది, అది ఎప్పుడో దాటిపోయింది. మొదటి షెడ్యూలు జంతువు తోలు అమ్మినా కొన్నా మూడు నుంచి ఏడేళ్ళ జైలు. అటవీశాఖ కార్యాలయానికి చెప్పి అప్పగించడం ఉత్తమం. చలికి కప్పుకోవడానికైతే ఈసారి పలమనేరు వైపో పుంగనూరు వైపో వెళ్ళినప్పుడు కంబళి నేసే ఇల్లు ఎక్కడుందో అడిగి చూడండి.